ఏడవని పిల్లల ఇల్లు

గౌరీదేవికి రోత ఎక్కువ. అత్తవారింట్లో నలభై ఏళ్ళకు పైగా ఆవిడ గురించి చెప్పుకుని నవ్వుకునే మాట ఇదే. చీపురు ముట్టుకుంటే సబ్బు, కూరల సంచీ దించితే సబ్బు, ఆటో దిగితే సబ్బు. "మా గౌరి సేతిగీతలు అరిగిపోనాయి, దాని జాతకం ఇంకెవుడూ సెప్పలేడు" అని తోడికోడలు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అంత రోత గల మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి. ఆదిత్యపూర్‌లో మత్తుకు అలవాటు పడ్డవాళ్ళను మాన్పించే ఒక చిన్న ఆసుపత్రిలో ఆయా. వాంతులు ఎత్తాలి, తడిసిన దుప్పట్లు మార్చాలి, ఒళ్ళంతా వణికేవాడి నోట్లో చెంచాతో గంజి పోయాలి. పద్దెనిమిదేళ్ళుగా అన్నీ చేస్తోంది, ఒక్కనాడూ ముక్కు మూసుకోలేదు. రోగిది రోత కాదు, రోగం అంటుంది. రోత వేరే ఉంటుందట.

ఇల్లు భుయ్యాడీహ్‌లో. పొద్దున్నే ఒక ఆటో ఎక్కి, మధ్యలో ఇంకోటి మారి, ఖర్కాయి వంతెన దాటి డ్యూటీకి చేరుతుంది. వయసు అరవై రెండు. భర్త చంద్రశేఖర్ పోయి తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. లేరు అనడం కంటే ఒకతె ఉండేది అనడం న్యాయం. ఇరవై రెండు రోజులు ఉంది.

మొన్న మంగళవారం ఆసుపత్రిలో ఒక లారీ డ్రైవరును చేర్చారు. వచ్చినవాడి బట్టలు మార్చి, జేబులూ మేజోళ్ళూ వెతకడం గౌరీదేవి పని. ఎందుకంటే ఇక్కడికి వచ్చేవాళ్ళు ప్రాణమైనా బయట వదిలి వస్తారు గానీ సరుకు వదలరు. వాడి ఎడమకాలి మేజోడులో ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన నల్లటి ముద్ద దొరికింది. నిమ్మకాయలో సగం ఉంటుంది. వేలికి జిగురుగా తగిలింది. ఏమిటో అని ముక్కు దగ్గర పెట్టుకుంది.

వర్షానికి నానిన గడ్డి కుళ్ళి, దాని మీద ఎవరో మాడిన బెల్లం పోసినట్టుంది వాసన. గౌరీదేవి బకెట్టు దాకా కూడా వెళ్ళలేకపోయింది. మంచం కోడు పట్టుకుని అక్కడే కక్కింది. రోగి కళ్ళు విప్పి ఆయా వంక జాలిగా చూశాడు.

సిస్టర్ డార్కస్ పరుగెత్తుకొచ్చింది. ఆ ఆసుపత్రిలో మరో తెలుగు మనిషి ఆవిడే. కోస్తా క్రైస్తవుల ఇంటి ఆడపడుచు, నర్సుల్లో సీనియర్.

"ఏటైంది గౌరమ్మగారూ? ఇన్నేళ్ళలో మీకు వాంతవడం ఇప్పుడే చూత్తన్నాను."

"ఈ వాసన నాకు తెలుసు సిస్టర్."

"తెలీకేటి, రోజూ వీళ్ళ మధ్యే కదా మన బతుకు. ఇది అఫీం. నల్లమందు. మన దగ్గరికొచ్చేవాళ్ళంతా పొడి పీల్చే బాపతు కాబట్టి ముద్ద ఎప్పుడూ మీ కంటబడలేదు."

"ఇక్కడ కాదు. ఇంకెక్కడో. నాకు బాగా దగ్గర్లో."

డార్కస్ ఆ ముద్దను కాగితంలో చుట్టి డాక్టరుగారికి ఇవ్వడానికి తీసుకెళ్ళింది. గౌరీదేవి అయిదుసార్లు చేతులు కడుక్కుంది. ఇంటికి వెళ్ళాక ఇంకో మూడుసార్లు కడుక్కుంది. వాసన చేతిది కాదు, తలలోది. అది సబ్బుకు లొంగేది కాదు.

ఇప్పుడు ఆ ఇంటి సంగతి చెప్పాలి. ఇచ్ఛాపురం దగ్గర నుంచి సూర్యం అనే ఆయన ఈ హిందీ ఊరికి వచ్చిన నాటికి ఉక్కు ఫ్యాక్టరీ కొత్త, ఊరు ఇంకా కొత్త. గౌరీదేవి భర్తకు, బావగారు సీతారామరావుకు ఆయన సొంత తాత. ఆయన మిగిల్చి వెళ్ళిన ఆస్తి మూడు వస్తువులు. పూజగదిలో గోడకు ఒక పటం ఉంటుంది. అద్దం వెనక కిరీటం ముద్ర, సన్నటి ఇంగ్లీషు అక్షరాలు, ఒక దొర సంతకం. దాని కింద అరలో సందుగు పెట్టె. పెట్టెలో అరచేతిలో పట్టేంత త్రాసు, చిన్నచిన్న తూకం రాళ్ళు. ఇంకా ఒక ముద్ద.

"మా తాతగారు దొరల కాలంలో సర్కారు లైసెన్సుతో దుకాణం నడిపేరు" అని ఆ ఇంట్లో అందరూ చెబుతారు. ఏం దుకాణం అని అడిగితే "సర్కారు సరుకు" అంటారు. సర్కారు అన్న మాట వచ్చాక అడిగేవాడు కూడా తల ఊపి ఊరుకుంటాడు. దసరా నాడు ఈ ఊళ్ళో ఎవరి పనిముట్టుకు వాళ్ళు బొట్టు పెట్టుకుంటారు. లారీకి, లేతు మిషనుకు, స్కూటరుకు పెడతారు. వీళ్ళు త్రాసుకూ పటానికీ పెడతారు. పాత బొట్టు తుడవకూడదని ఎవరో ఎప్పుడో చెప్పారు. పసుపూ కుంకుమా నూనె మీద నూనె పేరుకుని అద్దం సగానికి పైగా మూసుకుపోయింది. కిరీటమూ సంతకమూ మాత్రం కనిపిస్తాయి. గొప్పలు చెప్పుకోవడానికి అవి చాలు కదా.

ఇక ముద్ద. నూనె కాగితంలో చుట్టి, ఎర్రముద్ర వేసి ఉండేది. "తాతగారి ముద్ద" అంటారు. పుట్టిన పిల్లకు ఇరవయ్యొకటో రోజున, బారసాలలో, ఇంటి కోడళ్ళలో అందరికంటే పెద్దావిడ దాన్ని సానరాయి మీద తల్లిపాలతో రాసి, ఉంగరం అంచుతో పిల్ల నాలుక మీద పెడుతుంది. అందరిళ్ళలో వసకొమ్ము రాస్తారు, వీళ్ళు దాంతోపాటు ఇది కూడా రాస్తారు, అంతే తేడా. ఆ తర్వాత కూడా పిల్ల మరీ ఏడిస్తే ఇంకో గీత. "మా ఇంటి పిల్లలు ఏడవరు" అనేది వాళ్ళ వంశానికి బిరుదు. సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు కూడా ఆ మాట వేసేవారు.

గౌరీదేవి కూతురు పుట్టింది ఎనభై నాలుగులో, ముసురు పట్టిన రోజుల్లో. ఇరవయ్యొకటో రోజున ఇల్లంతా చుట్టాలు. పేరు పెట్టారు. అత్తగారు ముద్ద రాసి నాలుక మీద పెట్టింది. పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర నిలబడి నిలబడి, ఇరవై ఒక్కేళ్ళ బాలింత ఎక్కడ పడితే అక్కడ పడి నిద్రపోయింది. తెల్లారి చూస్తే పక్కలో పిల్ల చల్లగా ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. గౌరి నోట్లో నోరు పెట్టి ఊదబోయింది. పిల్ల నోటి నుంచి ఒక వాసన వచ్చింది.

"ఒళ్ళు తెలీకుండా పడుకుని పిల్ల మీదికి ఒత్తిగిలింది" అని అత్తగారు అరుగు మీద నిలబడి తీర్పు చెప్పేసింది. పిల్ల ఊపిరాడకే కదా పోయింది? పక్కలో ఉన్నది తల్లే కదా? మళ్ళీ విచారణ ఎవరికి కావాలి. పేరు పెట్టిన మర్నాడే పోయిన పిల్ల పేరు ఆ ఇంట్లో ఇంకెవరూ పలకలేదు. గౌరికి మళ్ళీ కడుపు పండలేదు. చంద్రశేఖర్ మంచివాడే, ఒక్క మాట అనలేదు. "నువ్వు కావాలని చేసేవా ఏటి" అన్నాడు ఒకసారి, ఓదార్పుగా. అంటే చేసిందనే.

అప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరి పిల్లనైనా గౌరి ఎత్తుకోవచ్చు, ఆడించవచ్చు, గుడ్డలు ఉతకవచ్చు. పక్కలో వేసుకోవడానికి మాత్రం వీల్లేదు. వద్దని ఎవరూ నోటితో అనరు. పిల్ల కళ్ళు మూతలు పడే వేళకి ఎవరో వచ్చి చేతుల్లోంచి తీసుకుపోతారు. గౌరి కూడా ఎదురు చెప్పలేదు, ఎందుకంటే ఆవిడా నమ్మింది. నలభై ఒక్కేళ్ళుగా వెల్లకిలా, చేతులు రెండూ గుండె మీద కట్టుకుని పడుకుంటుంది. నిద్రలో అటూ ఇటూ కదలదు. పక్కన ఎవరూ లేకపోయినా సరే.

మళ్ళీ ఇప్పుడు ఇంట్లో బారసాల వచ్చింది. సీతారామరావు కొడుకు రాజ్‌కిరణ్‌కు, కోడలు రీనాకు పాప పుట్టింది. ఆదివారానికి ఇరవయ్యొకటో రోజు. ముద్ద రాయాల్సిన తోడికోడలు కిందటేడు కాలం చేసింది. తల్లి రాయకూడదు, వేరే ఇంటి చెయ్యి తగలకూడదు. మిగిలింది గౌరీదేవి. విధవరాలు, పైగా పిల్లను పోగొట్టుకున్నది, ఇన్నాళ్ళూ బారసాల అంటే ఆవిడను వంటింట్లోంచి బయటికి రానిచ్చేవారు కారు. అవసరం పడితే శకునాలు కూడా సర్దుకుంటాయి.

శనివారం మధ్యాహ్నం డ్యూటీ నుంచి రాగానే బావగారు పిలిచి పెట్టె తాళం చేతిలో పెట్టాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. ఇస్త్రీ చొక్కా లేనిదే మంచినీళ్ళు కూడా తాగడు.

"తియ్యి గౌరీ. ఇయాల్టి నుంచీ ముద్ద బాధ్యత నీదే. ఎంత రాయాలో సెప్తాను, సూసుకో. ఆవగింజలో సగం. ఎక్కువ రాయకూడదు."

"ఎక్కువ రాత్తే ఏటవుద్ది బావగారూ?"

"ఎందుకు రాత్తావు ఎక్కువ? సెప్పినట్టు సెయ్యి."

పెట్టె తెరిచింది. నూనె కాగితం మడత విప్పీ విప్పక ముందే వాసన లేచింది. మంగళవారం మేజోడులో ఉన్నదీ, నలభై ఒక్కేళ్ళ కిందట పిల్ల నోట్లో ఉన్నదీ ఒక్కటే. ఈసారి కక్కలేదు. కాగితం మళ్ళీ చుట్టి పక్కన పెట్టింది. తడిగుడ్డ, సబ్బు తెచ్చి పటం దించి, అద్దం మీది కుంకుమ రుద్దడం మొదలుపెట్టింది.

"ఏటి సేత్తన్నావు? దసరా బొట్లు అయి! తుడవకూడదు!" అని సీతారామరావు లేచాడు.

ఆవిడ ఆగలేదు. గోటితో గీకింది. ఎర్రటి మడ్డి కింద పసుపు మడ్డి, దాని కింద నల్లటి జిడ్డు, చచ్చిన చీమలు. ఇంత చెత్తకా ఏటేటా చేతులు జోడించామని ఆవిడకు ఒళ్ళు జలదరించింది. అద్దం శుభ్రమయ్యాక రాజ్‌కిరణ్‌ను పిలిచింది.

"బాబూ, నాకు ఇంగ్లీషు రాదు. ఇందులో ఏటుందో సదువు."

రాజ్‌కిరణ్ సెల్‌ఫోను జేబులో పెట్టి పటం అందుకున్నాడు. చిన్నప్పటి నుంచీ దానికి దణ్ణం పెట్టినవాడే, చదవడం ఇదే మొదలు. రెండు వరుసలు చదివి తండ్రి వంక చూశాడు. "పాపా, యే తో అఫీం కా లైసెన్స్ హై. అఫీం బేచ్‌నే కా." నాన్నా, ఇది నల్లమందు అమ్ముకునే లైసెన్సు అని.

"అంతా సదువు" అంది గౌరీదేవి.

అతను ఇంగ్లీషులో చూసి హిందీలో చెబుతూ పోయాడు. ఫలానా దుకాణంలో సర్కారు నల్లమందు చిల్లరగా అమ్మడానికి ఫలానా సూర్యానికి అనుమతి. సర్కారు ఖజానా నుంచి తెచ్చిన ముద్ర సరుకు తప్ప వేరేది అమ్మరాదు. ఒక మనిషికి ఒక తూరి తులానికి మించి ఇవ్వరాదు. తూకం రాళ్ళకు ఏటా ముద్ర వేయించుకోవాలి. పొద్దు గూకాక తలుపు తెరవరాదు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు అమ్మరాదు. దుకాణం ముందు అందరికీ కనబడేలా బోర్డు ఉండాలి. బోర్డు ఎంత వెడల్పు ఉండాలో కూడా రాశారు.

ఆ కాగితం రాసిన దొరకు ఎంత శ్రద్ధో చూడండి. విషానికి వేళ ఉంది, తూకం ఉంది, బోర్డు ఉంది. అమ్మొద్దు అన్న ఒక్క మాట తప్ప అన్ని మాటలూ ఉన్నాయి. పైగా ఏ మాట తప్పినా జరిమానా ఉంది. ఇలాంటి పద్ధతి గల పాపం చూస్తే, పద్ధతి లేని పాపమే నయమనిపిస్తుంది.

"మీకు తెలుసా బావగారూ?"

సీతారామరావు తొణకలేదు. "తెల్దేటి? మా నాన్న సెప్పేడు. అయితే ఏటి? దొంగతనంగా అమ్మేడా? సర్కారు కాయితం ఉంది. ఇన్‌స్పెక్టరు వచ్చి రాళ్ళు సరిసూసి వెళ్ళేవోడు. మా తాత ఒక్క తులం ఎక్కువ అమ్మలేదు. పొద్దు గూకితే తలుపేసేవోడు. పిల్లలకి అమ్మొద్దంటే ఒక్క పిల్ల సేతిలోనూ పెట్టలేదు. అంత నిక్కచ్చి మనిషి."

"మరెవరికి అమ్మేరు?"

"కూలోళ్ళకి. ఆడోళ్ళకి ఎక్కువ. పొద్దున సైరన్ కూయకముందే ఇటకలు మోసే రేజా ఆడోళ్ళు దుకాణం ముందు వరస కట్టేవోరంట. పసోళ్ళని ఇంట్లో పడేసి పనికి పోవాల కదా. రవ్వంత నాలిక్కి రాత్తే సాయంత్రం దాకా లేవరు. ఎంత రాయాలో మా తాతే ఒక్కొక్కళ్ళకీ నేర్పేవోడు. అదీ ఒక సాయమే కదేటి?"

గౌరీదేవికి ఆ వరస కళ్ళకు కట్టింది. మంచులో నిలబడ్డ ఆడవాళ్ళు, చెంగు కొసన ముడి. సాయంత్రం ఇంటికి పోయేసరికి వాళ్ళలో ఎందరి పిల్లలు లేవలేదో. ఆ లెక్క ఏ ఇన్‌స్పెక్టరూ అడిగి ఉండడు. పిల్లలకు అమ్మకూడదన్నారు, తల్లులకు అమ్మాడు. నిక్కచ్చి మనిషి.

"ఛీ, పాపా" అన్నాడు రాజ్‌కిరణ్ తండ్రితో.

కొడుకు ఛీ అనేసరికి సీతారామరావుకు కోపం నషాళానికెక్కింది. "ఛీ ఏట్రా ఛీ? నాకు పెట్టేరు, మీ బాబాయికి పెట్టేరు, నీకూ పెట్టేం. ఎవుడికేటైంది? దుక్కల్లా ఉన్నాం. ఏదో ఆ ఒక్కసారే, సుట్టాల గోలలో అమ్మ రెండోసారి కూడా పెట్టీసింది గానీ..."

అక్కడ ఆగాడు. వంటింట్లో రీనా పెట్టిన కుక్కరు రెండు కూతలు కూసింది. గౌరీదేవి చేతిలోని తడిగుడ్డ కింద పెట్టింది.

"ఎవరికి పెట్టీసింది?"

సీతారామరావు చొక్కా గుండీ సర్దుకున్నాడు.

"ఎవరికి బావగారూ?"

"ఎందుకిప్పుడయన్నీ. అయిపోనాది."

"మీకెప్పుడు తెలుసు?"

"ఆ రోజే" అన్నాడు చివరికి, గోడకేసి చూస్తూ. "అమ్మ ఏడ్చుకుంటా సెప్పింది. రాత్రి పిల్ల గుక్కపట్టి ఏడిత్తే, సుట్టాలు లేత్తారని, మన ఇంటి పిల్ల ఏడిసిందంటే మాటొత్తాదని, మళ్ళీ రాసి పెట్టిందంట. నువ్వు నిద్దరోతన్నావు."

"ఆయనకి తెలుసా?"

"తమ్ముడికి తెల్దు. ఎవరికీ తెల్దు. ఏటి సెయ్యమంటావు గౌరీ? సెప్తే అమ్మ పేరు పోద్ది. పోలీసులొత్తారు. నువ్వు సిన్నదానివి, మళ్ళీ పుడతారు కదా అనుకున్నాం."

మళ్ళీ పుడతారు కదా. గౌరీదేవి ఆయన వంక చూసింది. నున్నగా గీసిన గడ్డం, విభూతి, మడత చెడని చొక్కా. నలభై ఒక్కేళ్ళు ఈ మనిషికి రెండు పూటలా అన్నం వడ్డించింది. చంటిపిల్లను తన చేతుల్లోంచి ఎత్తుకుపోతుంటే ఈ మనిషి పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్ళలో తాను ఎత్తిన వాంతులన్నీ ఒక బకెట్టులో పోసినా ఇంత రోత పుట్టదనిపించింది. ఏడుపు రాలేదు. ఆ మనిషి ముందు ఏడవడం కూడా ఎంగిలిలాగే తోచింది.

"రాజ్‌కిరణ్, ఆఖరి వరస సదవలేదు నువ్వు" అంది.

అతను పటం వెలుతురుకు తిప్పి చదివాడు. గడువు ముగిశాక దుకాణదారు దగ్గర మిగిలిన సరుకంతా సర్కారుకు అప్పగించాలి అని ఉంది. దుకాణాలు మూసేయమన్నప్పుడు ఒక్క తులం ఎక్కువ అమ్మని ఆ పెద్దమనిషి, చివరి ముద్ద మాత్రం మనవల కోసం దాచాడు.

గౌరీదేవి పెరట్లోకి వెళ్ళి బకెట్టు నిండా నీళ్ళు పట్టి, సీసాడు ఫినాయిలు కుమ్మరించింది. ఆసుపత్రిలో ఊరికే పారబోయకూడని వాటిని పారబోసే పద్ధతే. ముద్ద అందులో వేసి, కర్రతో కరిగేదాకా తిప్పింది. సీతారామరావు గుమ్మంలో నిలబడి "అది తాతగారి గుర్తు గౌరీ, మళ్ళీ దొరకదు" అంటూనే ఉన్నాడు. నల్లటి నీళ్ళు లెట్రిన్‌లో పోసి, పైన మూడు బకెట్లు కొట్టింది. నదిలో కలుపుదామన్న ఆలోచన వచ్చింది గానీ, సువర్ణరేఖలో చేపలు ఏం పాపం చేశాయి. అప్పుడు చేతులు కడుక్కుంది. ఒక్కసారే కడుక్కుంది.

ఆదివారం చుట్టాలు దిగారు. సోనారి నుంచి స్కూటర్ల మీద కొందరు, ఖరగ్‌పూర్ నుంచి రీనా వాళ్ళు. పటం మళ్ళీ గోడకెక్కింది, బొట్టు లేకుండా. సీతారామరావు పట్టుపంచె కట్టుకుని కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. నిన్నటి సంగతి ఇంట్లో నలుగురి మధ్యే ఆగుతుందని ఆయన ధీమా. నలభై ఒక్కేళ్ళు ఆగింది, ఇంకో పూట ఆగదా?

పేరు పెట్టే వేళకు పాప గుక్కపట్టింది. మామూలు ఏడుపు కాదు, చాపలు మడిచి లేచి వెళ్ళాలనిపించేంత ఏడుపు. సోనారి నుంచి వచ్చిన వరసకు పెద్దమ్మ ఒకావిడ చెవులు మూసుకుంది. "ఇదేటమ్మా, ఈ ఇంటి పిల్ల ఏడవడమేటి! గౌరీ, ముద్ద రాసేవా లేదా? బేగి తే."

గౌరీదేవి సానరాయి తెచ్చి అందరి మధ్యా పెట్టింది. అది పొడిగా ఉంది.

"ముద్ద లేదు పెద్దమ్మా. లెట్రిన్‌లో పోసీసేను. అది నల్లమందు. గోడ మీద కాయితం ఉంది, అద్దం కడిగేను, సదువొచ్చినోళ్ళు సదువుకోండి."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. సీతారామరావు "గౌరీ" అన్నాడు, హెచ్చరికగా.

"ఇంకో మాట కూడా ఉంది" అందావిడ. "నాను నా పిల్ల మీదికి ఒత్తిగిలలేదు. నా సుభద్రని నాను సంపలేదు. అత్తమ్మ రెండుసార్లు ముద్ద పెట్టింది. బావగారికి ఆ రోజే తెలుసు. అడగండి."

సుభద్ర అన్న పేరు విని వచ్చినవాళ్ళలో సగం మందికి ఎవరో అర్థం కాలేదు. అర్థమైనవాళ్ళు సీతారామరావు వైపు తిరిగారు. ఆయన కాదనలేదు. కండువా తీసి దులిపి, మళ్ళీ వేసుకున్నాడు. అరుగు మీద తీర్పు చెప్పినప్పుడు అక్కడే నిలబడి తల ఊపిన సోనారి పెద్దమ్మ నేలకేసి చూసింది. పాప మాత్రం ఎవరి మర్యాదా చూడకుండా ఏడుస్తూనే ఉంది.

"ఎవరైనా ఆ పిల్లని ఊరుకోబెట్టండర్రా" అన్నారు వెనక నుంచి.

"ఏడవనీండి" అంది గౌరీదేవి.

రీనా లేచింది. పొద్దుటి నుంచి పట్టుచీరలో ఉక్కపోసి, పాలు కారి జాకెట్టు తడిసి, ఆ బాలింతకు స్నానం చేస్తే చాలన్నట్టుంది. పాపను తెచ్చి గౌరీదేవి ఒళ్ళో పెట్టింది.

"చిన్నత్తయ్యా, మై నహా కే ఆతీ హూఁ. నేను స్నానం చేసొచ్చేలోగా లోపలికి తీసుకెళ్ళి మీ పక్కలో వేసుకోండి."

ఎవరైనా అడ్డం వస్తారేమోనని గౌరీదేవి ఒక్క క్షణం ఆగింది. పాత అలవాటు. ఎవరూ రాలేదు. లోపలి గదిలో మంచం మీద పాపను పడుకోబెట్టింది. తన చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. పక్కన వెల్లకిలా పడుకుంది. చేతులు వాటంతట అవే గుండె మీదికి వచ్చి కట్టుకున్నాయి.

పాప కాళ్ళు తన్నుకుంటూ, మొహం ఎర్రగా చేసుకుని, ఇంటి కప్పు ఎగిరేలా ఏడుస్తోంది. నోరంతా తెరిచిన ఆ పిల్ల ఊపిరి పాల వాసన వేస్తోంది.

"ఏడు తల్లీ, ఏడు" అంది గౌరీదేవి. కట్టుకున్న చేతులు విప్పి, పాప వైపు ఒత్తిగిలి పడుకుంది.